తువ్వాలు కింద కరెంటు బేరం



మన పేరు మీద ఒక పెద్ద ఒప్పందం ఉంది. 2021 డిసెంబరు 1న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, మన డిస్కంలు, కేంద్ర ప్రభుత్వ రంగంలోని సౌర విద్యుత్ సంస్థ 'సెకి' కలిసి దాని మీద సంతకాలు పెట్టాయి. 7,000 మెగావాట్ల సౌర విద్యుత్తు, యూనిట్ ధర 2 రూపాయల 49 పైసలు, గడువు 25 ఏళ్లు. ఏడాదికి 1,700 కోట్ల యూనిట్లు వస్తాయన్నారు. పగటిపూట తొమ్మిది గంటల ఉచిత కరెంటు రైతుకు ఇవ్వడానికే ఇదంతా అన్నారు.

లెక్క మనమే కట్టుకుందాం. 1,700 కోట్ల యూనిట్లను 2.49తో గుణిస్తే ఏడాదికి 4,233 కోట్ల రూపాయలు. పాతికేళ్లకు లక్షా అయిదు వేల కోట్ల పైమాటే. ఇవాళ సంకలో ఉన్న మనవడు పెద్దవాడై మోటారు స్విచ్ వేసే రోజుకు కూడా ఈ ఒప్పందం నడుస్తూనే ఉంటుంది.

ఇంత పెద్ద కాగితాన్ని సంతకాలకు ముందు మనలో ఎవరికైనా చూపించారా? ఏ ఊళ్లోనైనా దండోరా వేయించారా? ఏ రైతు సేవా కేంద్రంలోనైనా గోడకు అంటించారా? బస్తా యూరియాకు వేలిముద్ర అడిగే ప్రభుత్వం, లక్ష కోట్ల బేరానికి మాత్రం మన ముఖం కూడా చూడలేదు.

పశువుల సంతకు పోయినవాళ్లకు ఈ పద్ధతి తెలుసు. దళారులు ధర నోటితో చెప్పరు. చేతుల మీద తువ్వాలు కప్పి, కింద వేళ్లు పట్టుకుని తేల్చుకుంటారు. ఎద్దు ఒకరిది, డబ్బు ఇంకొకరిది, ధర మాత్రం తువ్వాలు కింద ఉన్న చేతులకే తెలుస్తుంది. ఎద్దుల బేరం ఒక్క పూటతో అయిపోతుంది. నష్టపోతే ఒక్క రైతు నష్టపోతాడు. కరెంటు బేరం అలా కాదు. అది పాతికేళ్లు రాష్ట్రమంతా మోయాల్సిన బరువు.

ఈ వ్యాసం ఏ పార్టీని తిట్టడానికో, ఏ పార్టీని పొగడడానికో రాయడం లేదు. ఆ పని చేయడానికి టీవీల్లో చాలామంది ఉన్నారు. నేను చెప్పదలచింది ఒక్కటే. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు తువ్వాలు తీయమని అరిచే పార్టీయే, కుర్చీ ఎక్కాక అదే తువ్వాలు కప్పుకుంటుంది. కాబట్టి ఏ పార్టీ గెలుస్తుందా అని చూస్తూ కూర్చుంటే తువ్వాలు తొలగదు. దాన్ని తీయించాల్సింది మనమే.

ఒక్క రోజులో ఒప్పుకున్నారు

జరిగిన సంగతులు వరసగా చూద్దాం. 2021 సెప్టెంబరు 15న సెకి నుంచి రాష్ట్ర ప్రభుత్వానికి ఉత్తరం వచ్చింది. సెప్టెంబరు 16న, అంటే మర్నాడే, మంత్రివర్గం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. డిసెంబరు 1కి సంతకాలు అయిపోయాయి. పట్టాదారు పాసుపుస్తకంలో ఒక్క అక్షరం తప్పు పడితే సరిచేయించుకోవడానికి మనం ఎన్ని నెలలు తిరుగుతామో మీకు తెలుసు.

అప్పటి ప్రభుత్వ వాదన కూడా చెప్పుకోవాలి. యూనిట్ 2.49 అన్నది రాష్ట్రం కొన్న వాటిలో చవక ధర అన్నారు. రాజస్థాన్‌లో తయారయ్యే కరెంటు అయినా, అంతర్రాష్ట్ర లైన్ల చార్జీలు మనమీద పడవని సెకి చెప్పిందన్నారు. ఒప్పందం కేంద్ర సంస్థతోనే తప్ప ఏ ప్రైవేటు కంపెనీతోనూ కాదన్నారు.

ఎదుటి వాదన కూడా చూడండి. 2020 డిసెంబరులో గుజరాత్ పిలిచిన వేలంలో సౌర విద్యుత్తు యూనిట్ 1 రూపాయి 99 పైసలకే పలికింది, అలాంటప్పుడు మనకు 2.49 ఎందుకని అడిగారు. ఎండకు పేరుపడ్డ అనంతపురం, కర్నూలు జిల్లాలు మనకు ఉండగా రాజస్థాన్ నుంచి తెచ్చుకోవడం ఎందుకన్నారు. ఇక్కడ ప్లాంటు పెడితే ఇక్కడి పిల్లలకు నాలుగు ఉద్యోగాలైనా వచ్చేవి కదా అన్నారు. అప్పటి తెలుగుదేశం శాసనసభ్యుడు, ప్రజాపద్దుల కమిటీ చైర్మన్ పయ్యావుల కేశవ్ హైకోర్టుకు వెళ్లారు. అప్పటి సీపీఐ రాష్ట్ర కార్యదర్శి కె.రామకృష్ణ కూడా కోర్టు తలుపు తట్టారు.

రెండు వాదనల్లో ఏది నిజమో తేల్చడానికి ఏం కావాలి? ఫైళ్లు కావాలి. ఎవరు ఏ నోట్ రాశారు, ఆర్థిక శాఖ ఏమంది, లైన్ల చార్జీల మాట ఒప్పందంలో ఏ మాటల్లో ఉంది అన్నవి ముందే అందరి ముందూ పెట్టి ఉంటే ఇంత రభస అవసరం లేదు. చవక అయితే చవకని తేలేది. కాకపోతే సంతకం ఆగేది.

మన ఊరి సంగతి న్యూయార్క్ నుంచి తెలిసింది

2024 నవంబరులో అమెరికా ప్రభుత్వ న్యాయశాఖ న్యూయార్క్ కోర్టులో పెట్టిన నేరారోపణ పత్రం బయటికొచ్చింది. గౌతమ్ అదానీ, ఆయన బంధువు సాగర్ అదానీ, ఇంకొందరి మీద ఆరోపణలు అందులో ఉన్నాయి. సెకి ద్వారా సౌర విద్యుత్తు కొనేలా రాష్ట్రాలను ఒప్పించడానికి భారతదేశంలోని అధికారులకు 2,000 కోట్ల రూపాయలకు పైగా లంచం ఇవ్వజూపారన్నది ఆరోపణ. అందులో 1,750 కోట్లు ఆంధ్రప్రదేశ్‌లోని ఒక ఉన్నత పదవిలో ఉన్న వ్యక్తి కోసమని రాశారు. ఆ పత్రంలో ఆ వ్యక్తి పేరు లేదు.

ఈ ఆరోపణలు నిరాధారమని అదానీ సంస్థ ఖండించింది. తమకు ఏ సంబంధమూ లేదని, ఒప్పందం సెకితో మాత్రమే జరిగిందని మాజీ ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి, ఆయన పార్టీ చెప్పారు. ఇవి ఆరోపణలే. రుజువు కానిదాన్ని రుజువైనట్టు మాట్లాడడం మన సంఘానికి పద్ధతి కాదు.

నన్ను బాధపెట్టేది మరో విషయం. కరెంటు కొన్నది మన డిస్కంలు. వాడేది మన మోటార్లు. డబ్బు కట్టేది మన ఖజానా. ఆ బేరంలో అనుమానించాల్సిన సంగతులు ఉన్నాయా లేవా అన్న చర్చ మాత్రం సముద్రాల అవతల ఒక కోర్టులో కాగితం తెరిస్తే గానీ ఊరూరా మొదలు కాలేదు. అదీ వాళ్ల దేశంలోని మదుపరులను మోసం చేశారన్న కారణంతో. మన దేశంలో రైతు పేరు చెప్పి చేసిన బేరం గురించి రైతుకు ముందు తెలిసే దారే లేకపోయింది.

అలాగని అమెరికాలో అంతా అద్దంలా ఉందనుకోవద్దు. 2001లో అధ్యక్షుడు బుష్ దేశ ఇంధన విధానం తయారు చేయడానికి ఉపాధ్యక్షుడు డిక్ చెనీ నాయకత్వాన ఒక బృందం వేశారు. ఏ కంపెనీల వాళ్లను కలిశారో చెప్పమంటే చెనీ చెప్పనన్నారు. అక్కడి ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థే ఆయన మీద దావా వేసింది, 2002 చివర్లో కోర్టు కొట్టేసింది. పర్యావరణ సంస్థ సియెర్రా క్లబ్, మితవాద సంస్థ జుడీషియల్ వాచ్ కూడా కోర్టుకు వెళ్లాయి. ఆ రెండిటికీ ఇంకే విషయంలోనూ పొత్తు కుదరదు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయి వెనక్కి వచ్చి, చివరకు 2005లో చెనీ వైపే తేలింది. ఆ రోజుల్లో చెనీ బృందాన్ని కలిసినవాళ్లలో ఎన్రాన్ కంపెనీ పెద్దలు ఉన్నారు. ఎన్రాన్ అంటే మనకు కొత్త పేరు కాదు.

ఎన్రాన్ నేర్పిన పాఠం

మహారాష్ట్ర రత్నగిరి జిల్లా దభోల్‌లో ఎన్రాన్ విద్యుత్ కేంద్రం కథ పాతవాళ్లకు గుర్తుంటుంది. 1992లో కంపెనీ వాళ్లు వచ్చిన కొద్ది రోజుల్లోనే అవగాహన పత్రం మీద సంతకాలు అయ్యాయి. 1993 డిసెంబరులో కాంగ్రెస్ ప్రభుత్వ హయాంలో కొనుగోలు ఒప్పందం కుదిరింది. పోటీ టెండరు లేదు. 1995 ఎన్నికల్లో శివసేన, బీజేపీ ఊరూరా తిరిగి ఎన్రాన్‌ను అరేబియా సముద్రంలో కలిపేస్తామన్నాయి. గెలిచాయి. ఆగస్టులో రద్దు చేశాయి కూడా.

తర్వాత ఏమైంది? మళ్లీ చర్చలన్నారు. 1996లో అదే ఎన్రాన్‌తో అంతకన్నా పెద్ద ప్రాజెక్టుకు ఒప్పుకున్నారు. అదే ఏడాది మే నెలలో, పదమూడు రోజులే నిలిచిన వాజపేయి ప్రభుత్వం దిగిపోయే ముందు చేసిన పనుల్లో ఎన్రాన్‌కు కేంద్రం హామీ ఖాయం చేయడం ఒకటి. 1999లో కరెంటు మొదలైంది. ఆ ధర మోయలేక మహారాష్ట్ర విద్యుత్ బోర్డు 2001లో కొనడం ఆపేసింది. అదే ఏడాది డిసెంబరులో ఎన్రాన్ అమెరికాలో దివాలా తీసింది. తప్పుడు లెక్కల కంపెనీగా ప్రపంచమంతా పేరు మోసింది.

సముద్రంలో కలిసింది ఎన్రాన్ కాదు, బోర్డు డబ్బు. ఒప్పందం కుదిర్చినవాళ్లూ, రద్దు చేస్తామన్నవాళ్లూ ఇద్దరూ తర్వాత హాయిగా రాజకీయాల్లో కొనసాగారు. సభల్లో రద్దు అని అరిచినంత మాత్రాన ఒప్పందం రద్దు కాదు. ఒకసారి సంతకం పడ్డాక దాన్ని కదిపితే కంపెనీ కోర్టుకు పోతుంది, పరిహారం అడుగుతుంది. అందుకే అడగాల్సింది సంతకానికి ముందు.

కుర్చీ మారింది, మాట మారింది

మన రాష్ట్రంలోనూ అదే ఆట. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం రాగానే, తెలుగుదేశం హయాంలో కుదిరిన పవన, సౌర విద్యుత్ ఒప్పందాల్లో ధర ఎక్కువని, దాని వెనక అవినీతి ఉందని అంది. గాలి కరెంటు యూనిట్ 4 రూపాయల 84 పైసలా అని నిలదీసింది. ధరలు తగ్గించడానికి కమిటీ వేసింది. కంపెనీలు హైకోర్టుకు పోయాయి. 2022 మార్చిలో హైకోర్టు డివిజన్ బెంచ్, ఒప్పందంలో రాసుకున్న ధరే కట్టాలని తీర్పు చెప్పింది. మధ్యలో ఆపిన బకాయిలన్నీ డిస్కంల నెత్తిన పడ్డాయి.

2024లో ప్రభుత్వం మారింది. సెకి ఒప్పందం మీద హైకోర్టుకు వెళ్లిన పయ్యావుల కేశవ్ ఆర్థిక మంత్రి అయ్యారు. ఒకప్పుడు కోర్టులో అడిగిన ఫైళ్లు ఇప్పుడు ఆయన ప్రభుత్వం చేతిలోనే ఉన్నాయి. అమెరికా పత్రం బయటికొచ్చాక రద్దు ప్రకటన వస్తుందని చాలామంది ఎదురుచూశారు. రద్దు చేస్తే జరిమానా కట్టాల్సి వస్తుంది, గట్టి ఆధారాలు కావాలి అన్న మాట వినిపించింది. జరిమానా భయం నిజమే కావచ్చు. ఫైళ్లు జనం ముందు పెట్టడానికి జరిమానా ఎవరు వేస్తారు?

ఇప్పుడు ప్రతిపక్షంలో ఉన్న వైఎస్సార్ కాంగ్రెస్ ఏమంటోంది? మేం 2.49కి కొంటే మీరు ఒక ప్రైవేటు సంస్థ దగ్గర 4.60కి కొంటున్నారు, ఇందులో మతలబు ఏంటని అడుగుతోంది. అది గాలి, ఎండ కలిపిన కరెంటు, సాయంత్రం గిరాకీ వేళ కూడా వస్తుంది, దాన్నీ దీన్నీ పోల్చకూడదని ప్రభుత్వం అంటోంది. ప్రశ్న బాగానే ఉంది, జవాబూ వినదగ్గదే. కానీ కొన్నేళ్ల కింద ఈ ప్రశ్న అడిగినవాళ్లు ఇప్పుడు జవాబు చెబుతున్నారు, అప్పుడు జవాబు చెప్పినవాళ్లు ఇప్పుడు అడుగుతున్నారు. పాత్రలు మారాయి, నాటకం మారలేదు.

తెలంగాణ సోదరులు తమ దగ్గర వేరని అనుకోనక్కర్లేదు. అక్కడ ఛత్తీస్‌గఢ్ నుంచి వెయ్యి మెగావాట్ల కొనుగోలు పోటీ బిడ్డింగ్ లేకుండా జరిగిందని కాంగ్రెస్ ప్రభుత్వం 2024లో విచారణ కమిషన్ వేసింది. కమిషన్ అధ్యక్షుడు విచారణ ముగియకముందే పత్రికల వాళ్లతో మాట్లాడారని మాజీ ముఖ్యమంత్రి కేసీఆర్ సుప్రీంకోర్టుకు వెళ్లారు. అధ్యక్షుణ్ణి మార్చాల్సి వచ్చింది. జనం చూపంతా జడ్జి మీదికి పోయింది, కరెంటు ధర పక్కకు పోయింది.

బిల్లు ఎవరికి వస్తుంది

వీళ్లు ఒకరినొకరు తిట్టుకుంటుండగా మన ఇంటికి బిల్లు వస్తుంది. 2022-23 సంవత్సరానికి ఇంధన, కొనుగోలు ఖర్చుల సర్దుబాటు పేరుతో 6,072 కోట్లు, 2023-24కి మరో 9,412 కోట్లు వసూలు చేసుకోవడానికి 2024 చివర్లో విద్యుత్ నియంత్రణ మండలి అనుమతి ఇచ్చింది. పాత ప్రభుత్వం చేసిన పాపమని కొత్తవాళ్లు అన్నారు. వసూలు చేస్తున్నది మీరే కదా అని పాతవాళ్లు ధర్నాలు చేశారు. ఇద్దరి మాటలూ విని మనం బిల్లు కట్టాం.

మోటారుకు ఉచితమే కదా, మనకేం అనుకునే రైతు ఇంకా ఉన్నాడు. అన్నా, నీ ఇంటి మీటరు ఉచితం కాదు. నీ వడ్లు ఆడించే మిల్లు, నీ టమాటా పెట్టే కోల్డ్ స్టోరేజీ, నీ పాలు చల్లబరిచే కేంద్రం, ఏదీ ఉచితం కాదు. ఆ భారమంతా తిరిగి తిరిగి నీ పంట ధరలోనే కోతగా పడుతుంది.

ఇంకో ప్రమాదం ఉంది. కరెంటు ఎక్కువ ధరకు కొన్నా, లైన్ల నష్టాలున్నా, చివరకు డిస్కంల అప్పులకు కారణం రైతుకిచ్చే ఉచిత కరెంటే అంటారు. మన మోటార్లలో చాలావాటికి మీటర్లు లేవు కాబట్టి, కొన్ని నమూనా ట్రాన్స్‌ఫార్మర్ల దగ్గర కొలిచి రాష్ట్రమంతటికీ అంచనా కడతారు. ఆ అంచనా ఎక్కువైతే ఎవరో దొంగిలించిన కరెంటు కూడా మన ఖాతాలో పడుతుంది. మా మండలంలో వ్యవసాయానికి ఎంత కరెంటు వాడినట్టు రాశారని మా సంఘం వాళ్లు కింది ఆఫీసులో అడిగితే, ఆ లెక్క మా దగ్గర ఉండదు పైనుంచి వస్తుందన్నారు. పైన అడిగితే కింద అడగమన్నారు. లెక్క మనది, లెక్కల పుస్తకం మాత్రం మనకు కనపడదు.

ఉచిత కరెంటు ఎవరో దయతలచి ఇచ్చింది కాదని కుర్రవాళ్లకు చెప్పాలి. ప్రపంచ బ్యాంకు సంస్కరణల పేరుతో చార్జీలు పెంచినప్పుడు జనం రోడ్డెక్కారు. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులకు ముగ్గురు బలయ్యారు. ఆ పోరాటం తర్వాతే ఉచిత కరెంటు మాట ఎన్నికల్లోకి వచ్చింది. 2004 మే 14న వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా మొదటి సంతకం దాని మీదే పెట్టారు. రోడ్డు మీద గెలిచినదాన్ని చాటు ఒప్పందాల్లో పోగొట్టుకోకూడదు.

"ఇవి మీకు అర్థం కావు"

కాగితాలు అడిగితే మూడు జవాబులు వస్తాయి. మొదటిది, ఇది వ్యాపార రహస్యం అంటారు. సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(డి)లో వ్యాపార రహస్యాలకు మినహాయింపు ఉన్న మాట నిజం. కానీ ప్రజాప్రయోజనం పెద్దదైతే ఇవ్వాల్సిందేనని అదే సెక్షన్ చెబుతోంది. మంత్రివర్గ పత్రాలైనా నిర్ణయం అయిపోయాక, ఆ వ్యవహారం ముగిశాక, నిర్ణయాలూ వాటి కారణాలూ బయటపెట్టాలని సెక్షన్ 8(1)(ఐ)లో ఉంది. పాతికేళ్లు మనం డబ్బు కట్టే ఒప్పందంలో ప్రజాప్రయోజనం లేకపోతే ఇంక దేనిలో ఉంటుంది?

రెండోది, త్వరగా నిర్ణయం తీసుకోకపోతే చవక బేరం చేజారిపోతుంది అంటారు. పాతికేళ్ల ఒప్పందానికి ముప్పై రోజులు ఆగితే చేజారిపోయే బేరమైతే, అసలు దాన్నే అనుమానించాలి. సంతలో "ఇప్పుడు తీసుకో, లేకపోతే పోతుంది" అనే దళారి దగ్గర మనం ఎప్పుడూ రెండడుగులు వెనక్కి వేస్తాం.

మూడోది, పైకి అనకపోయినా మనసులో అనుకునేది. మెగావాట్లు, టారిఫ్‌లు రైతుకేం అర్థమవుతాయి అని. నేను చదివింది హైస్కూలు వరకే. బోరు ఎన్ని అడుగుల్లో పడింది, మోటారు ఎన్ని హెచ్‌పీ, ఎకరం తడవడానికి ఎన్ని గంటలు పడుతుంది అని లెక్క కట్టేవాడికి యూనిట్ ధర లెక్క కట్టడం రాదా? తెలుగులో రాసి పెట్టండి, అర్థమవుతుందో లేదో మేం చెబుతాం.

మనం అడగాల్సింది, చేయాల్సింది

ఏ పార్టీ ప్రభుత్వం ఉన్నా మన డిమాండ్లు ఇవే.

ఒకటి, ఏ విద్యుత్ కొనుగోలు ఒప్పందమైనా సంతకానికి ముందు ముసాయిదా తెలుగులో ప్రచురించాలి, అభ్యంతరాలకు కనీసం నెల గడువు ఇవ్వాలి.

రెండు, దాని మీద నియంత్రణ మండలి బహిరంగ విచారణ జరపాలి, జిల్లాల్లో కూడా జరపాలి.

మూడు, 2014 నుంచి కుదిరిన పెద్ద ఒప్పందాలన్నిటి ఫైళ్లూ, సెకి ఒప్పందంతో సహా, ఈ ప్రభుత్వం కుదుర్చుకున్నవాటితో సహా, బయటపెట్టాలి. మీ పార్టీవి, వాళ్ల పార్టీవి అన్న తేడా వద్దు.

నాలుగు, మంత్రులూ ఉన్నతాధికారులూ ఇంధన కంపెనీల వాళ్లను ఎప్పుడు కలిశారో, దేని గురించి కలిశారో నెలనెలా ప్రకటించాలి.

అయిదు, వ్యవసాయ వాడకం లెక్క ఫీడరు వారీగా ప్రతి సెక్షన్ ఆఫీసు గోడ మీద రాయాలి.

మన వంతు పని కూడా ఉంది. డిస్కంలు ప్రతి ఏడాదీ తమ ఆదాయ అవసరాల లెక్కలు నవంబరు నెలాఖరుకు నియంత్రణ మండలికి ఇస్తాయి. ఆ తర్వాత అభ్యంతరాలు పిలుస్తారు, బహిరంగ విచారణలు జరుగుతాయి. అక్కడ కంపెనీల తరఫున, పరిశ్రమల తరఫున వకీళ్లు వస్తారు. రైతుల కుర్చీలు చాలాసార్లు ఖాళీగా ఉంటాయి. ఈసారి ప్రతి మండల కమిటీ కనీసం ఒక్క అభ్యంతరమైనా తెలుగులో రాసి పంపాలి, ఇద్దరైనా విచారణకు వెళ్లాలి.

సమాచార హక్కు దరఖాస్తుకు గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో అయిదు రూపాయలు, పైన పది రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. మీ సెక్షన్‌లో వ్యవసాయానికి ఎంత కరెంటు రాశారో అడగండి. జవాబు రాకపోతే అప్పీలు చేయండి. వచ్చిన కాగితం సంఘం ఆఫీసుకు పంపండి, ఈ పత్రికలో అచ్చువేద్దాం.

ఎన్నికల సభలో ఏ పార్టీ నాయకుడైనా ఎదుటివాళ్ల కరెంటు కుంభకోణం గురించి మాట్లాడితే చప్పట్లు కొట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: "మీరు గెలిచాక మీ ఒప్పందాల కాగితాలు మా ఊరి గోడకు అంటిస్తారా?" అవునంటే ఆ మాట రాసి ఇమ్మనండి. నీళ్లు నమిలితే అతని సంగతీ తేలిపోయినట్టే.